బీడు పెడితే డబ్బులిస్తారా?

ప్రశ్న: అమెరికాలో చేను బీడు పెట్టిన రైతుకు ప్రభుత్వమే ఏటా డబ్బులిస్తుందని అక్కడున్న మా అల్లుడు అంటున్నాడు. వానల్లేక మా ఏడెకరాలూ బీడే. మరి మాకెందుకివ్వరు?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: మీ అల్లుడు చెప్పింది నిజమేనండీ, కానీ సగమే చెప్పాడు. అది 1985 చట్టంతో వచ్చిన కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్. ఊరికే వదిలేస్తే డాలరు కూడా రాదు. మట్టి కొట్టుకుపోయే భూమిలో సాగు ఆపి, వాళ్లు ఒప్పుకున్న గడ్డో చెట్లో వేసి, 10 నుంచి 15 ఏళ్లు కాపాడతామని అగ్రిమెంటు రాసిస్తే ఏటా కౌలు లాంటిది ఇస్తారు, గడ్డి వేసే ఖర్చులో సగం దాకా భరిస్తారు. మధ్యలో మాట తప్పితే తీసుకున్నదంతా వడ్డీతో సహా కక్కాల్సిందే! పైగా అడిగిన వాళ్లందరికీ ఇవ్వరు, ఏ భూమి ఆపితే ఎంత మేలో మార్కులు వేసి ఎంచుకుంటారు.

1930లలో అక్కడి మైదానాల్లో దున్నిన మట్టి దుమ్ము తుఫానులై లేచిపోయింది, ఆ దెబ్బకే 1935లో మట్టి కాపాడ్డానికంటూ ఒక శాఖ పెట్టారు. హగరి ఏటి ఇసుక పొలాల మీదికి రావడం చూసిన కణేకల్లు, బొమ్మనహాళ్ వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పశువులు మేపే రాంచ్‌ల వాళ్లకు ఇంకో పథకం ఉంది, ఈక్విప్ అంటారు. బీడును భాగాలు చేసి మార్చి మార్చి మేపడానికి కంచె, నీళ్ల తొట్టి లాంటి వాటి ఖర్చులో మామూలుగా 75 శాతం దాకా ఇస్తారు. కాకపోతే మంజూరు రాకముందే పని మొదలుపెడితే ఆ డబ్బు ఆశ వదులుకోవాల్సిందే.

మన దగ్గర ప్రభుత్వం ఎక్కువగా సామానుకూ పనికీ ఇస్తుంది, డ్రిప్పుకు, పంట కుంటకు, పండ్ల మొక్కలకు. భూమిని కప్పి ఉంచినందుకు ఇవ్వదు. ఇవ్వాలనే నా అభిప్రాయం, కానీ అమెరికా పద్ధతి ఉన్నదున్నట్టు తెస్తే మాత్రం ఒప్పుకోను. అక్కడ అగ్రిమెంటులో ఉన్న భూమిలో మేపడానికి బోలెడు ఆంక్షలు, కరువొస్తే సడలిస్తారు. మన బీడు మీద ఊళ్లో గొర్రెల మందలన్నీ బతుకుతాయి, దానికి కంచె వేసి మీకు డబ్బులిస్తే ఆ గొర్రెల కాపరి ఎక్కడికి పోవాలి?

ప్రస్తుతానికి మీరు చేయగలిగింది, వానలకు ముందే నవధాన్యాలు చల్లడం. ప్రకృతి వ్యవసాయం సిబ్బంది చెబుతారు. డబ్బు రాదు గానీ మట్టి నిలుస్తుంది, గొర్రెలకు మేతా దొరుకుతుంది. పంట కుంట సంగతి రైతు సేవా కేంద్రంలో అడగండి.

ప్రశ్న: సబ్సిడీ డ్రిప్పుతో నీళ్లు మిగులుతాయి కదా, ఇంకో రెండెకరాలు చీనీ (బత్తాయి) పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, పులివెందుల

జవాబు: వద్దమ్మా. కేన్సస్ రాష్ట్రంలో నీళ్లు ఆదా చేసే స్ప్రింక్లర్లకు సబ్సిడీ ఇచ్చాక భూగర్భజలం తోడటం తగ్గకపోగా పెరిగిందని పరిశోధకులు తేల్చారు, ఎందుకంటే మిగిలిన నీళ్లతో రైతులు ఎక్కువ నీళ్లు తాగే పంటలకు మళ్లారు, ఇంకొంత భూమికీ పారించారు. చీనీ చెట్టుకు ఒక్క ఏడు నీళ్లు తప్పినా ఏళ్ల కష్టం ఎండిపోతుంది, అప్పుడు ట్యాంకర్లు తోలుకునే టెన్షన్ మీకే. ఎండాకాలం బోరు ఎంత పోస్తుందో చూసుకుని, ఉన్న తోటకు సరిపోతే చాలనుకోండి.