బుజ్జీ, హార్న్స్ వైపు చూడు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మీ బ్యాండ్ కచేరీలో చెక్ స్వరకర్త స్మెతనా రాసిన ‘డాన్స్ ఆఫ్ ది కమెడియన్స్’ నువ్వే కండక్ట్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వీధిలో కనబడ్డ వాళ్లందరికీ చెప్పేశాను. రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది.

అందరి స్వరాలూ ఉన్న స్కోర్ బాగా చదువుకో. లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని చెయ్యి తిప్పడం అలవాటు చేసుకో. ఇవి నీకు తెలిసినవే.

ఆ సంగీతం ఎక్కడిదో మీవాళ్లకు ముందే చెప్పు. స్మెతనా పాటల నాటకం, ‘ది బార్టర్డ్ బ్రైడ్’ ఒపెరా 1866లో ప్రాగ్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఈ డాన్స్ అందులో లేదు. తర్వాత మార్పుల్లో చేర్చాడు, 1870కి ఇప్పటి రూపం వచ్చింది. మూడో అంకంలో ఊళ్లోకి సర్కస్ వాళ్లు దిగి తమ ఆట కాస్త రుచి చూపిస్తారు. స్కొచ్నా అనే చెక్ గెంతుల నృత్యం అది. గెంతాలంటే కాలు ముందు నేలకి ఆనాలి కదమ్మా. బ్యాండ్‌లో ఆ నేల ట్యూబా, హార్న్స్ అనే ఇత్తడి ఊదుడు వాద్యాలు.

నేను మిలిటరీ బ్యాండ్‌లో సెకండ్ క్లారినెట్ వాయించే రోజుల్లో మా బ్యాండ్‌మాస్టర్ ఒకాయన ఇదే పెట్టారు. రిహార్సల్స్ బాగానే జరిగాయి. కచేరీ రోజు ముందు ఐటమ్‌కి చప్పట్లు మోగిపోయాయి. ఆ ఊపులో ఆయన బ్యాటన్ ఎత్తి, ఎప్పుడూ లేనంత స్పీడుగా మొదలెట్టేశారు. ఆర్కెస్ట్రాలో ఆ పరుగంతా వయొలిన్లది, విల్లుకి ఊపిరి అక్కర్లేదు. బ్యాండ్‌లో అది క్లారినెట్ల మీద పడుతుంది. రెండో పేజీకే మాకు ఊపిరాడలేదు, స్వరాలు మింగేస్తున్నాం. ఆయన మావైపే చూస్తూ ఎడమ చేత్తో ఇంకా, ఇంకా అంటున్నారు. వెనక ట్యూబా ‘ఊమ్’ అన్నాక ‘పా’ అనాల్సిన హార్న్స్ ఆగలేక ట్యూబా మీదే పడిపోయాయి. వాళ్లవైపు ఆయన ఒక్కసారీ చూడలేదు. స్నేర్ డ్రమ్ ఆయన చేతిని పట్టుకుని పోయింది, ట్యూబా వెనకబడింది. చివరి పేజీలో బ్యాండ్ రెండు ముక్కలైంది. జనం చప్పట్లు కొట్టారు. మాలో ఒక్కరూ తలెత్తలేదు.

అందుకే మొదటి రిహార్సల్‌లో ట్యూబా, హార్న్స్ మాత్రమే వాయించాలి, అదీ నెమ్మదిగా. క్లారినెట్ల వాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో స్వరం పైన కామా పెట్టుకోవాలి. పక్కపక్క వాళ్ల కామాలు ఒకే చోట రాకూడదు. నువ్వే ఒక్కో స్టాండ్ దగ్గరికెళ్లి చూడు. చెయ్యి చిన్నగా ఆడించు, పెద్దగా ఊపితే టెంపో నీ భుజాల్లోకి పోతుంది.

నీకు పుట్టుకతోనే తొందర. జంటస్వరాలు రాకముందే కీర్తన కావాలని మా గుమ్మంలో కూర్చుని ఏడ్చావు. అలా ఏడ్చిన పిల్ల ఇప్పుడు అంతమందిని నడిపిస్తోందంటే నాకెంత గర్వమో రాయలేను.

ఇంకోటి, దీనికి ఎదురు చెప్పకు. ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో. సింబల్స్ అనే పెద్ద తాళాల ముందు ఏళ్లతరబడి కూర్చున్న నా ఎడమ చెవిలో ఇప్పుడు రాత్రీపగలూ గుయ్‌మంటూనే ఉంటుంది. స్మెతనాకి 1874లో జబ్బు చేసి వినికిడే పోయింది. ఆయనది వేరే కారణమే, అయినా ఆ సంగతి గుర్తొస్తే నాకు నీ చెవులే కళ్లముందు మెదులుతాయి.

మొదటి రిహార్సల్ రికార్డ్ చేసి పంపు. హార్న్స్ ఎలా ఉన్నాయో విని ఆ రోజే ఫోన్ చేస్తాను.

ఇట్లు,
పెదనాన్న