సమాధులను కూల్చడం యుద్ధనేరమేనా?

ప్రశ్న: యుద్ధంలో మనుషులే వేల సంఖ్యలో చనిపోతుంటే, పాత కట్టడాలు కూలాయని ప్రపంచమంతా అంత బాధపడడం ఎందుకు? వాటిని కావాలని కూల్చినవారికి ఎక్కడైనా శిక్ష పడిందా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మొదటిదానికి కావలసిన జవాబు చాలావరకు అందులోనే ఉంది. శిక్ష పడింది. 2016 సెప్టెంబరు 27న హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం అహ్మద్ అల్ ఫకీ అల్ మహ్దీ అనే వ్యక్తికి తొమ్మిదేళ్ల జైలుశిక్ష విధించింది. కేవలం చారిత్రక, మతపరమైన కట్టడాల ధ్వంసం గురించే ఆ న్యాయస్థానం విచారించిన మొదటి కేసు అది.

నేరం జరిగింది పశ్చిమాఫ్రికాలోని మాలీ దేశంలో, 333 మంది పుణ్యపురుషుల ఊరని పేరున్న టింబక్టులో. 2012లో అన్సార్ దీన్ అనే సాయుధ వర్గమూ, అల్ ఖైదా అనుబంధ వర్గమూ ఆ ఊరిని ఆక్రమించుకున్నాయి. జూన్ 28న యునెస్కో టింబక్టును ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. రెండు రోజులు తిరగకుండానే గడ్డపారలు లేచాయి. జూలై 11 లోపు తొమ్మిది సమాధి మందిరాలు దెబ్బతిన్నాయి. లోకాంతం వరకు తెరవకూడదని ఊరివారు నమ్మే సిది యాహ్యా మసీదు తలుపును కూడా ఊడబెరికారు. ఈ పది స్థలాల మీదే నేరారోపణ నడిచింది.

మన కడప పెద్ద దర్గాకు మొక్కుకోవడానికి మతంతో పని లేకుండా జనం ఎలా వెళ్తారో తెలిసినవారికి ఆ సమాధుల విలువ వేరే చెప్పనక్కరలేదు. అవి మట్టి కట్టడాలు కాబట్టి ఏటేటా మెత్తుతూ ఉంటేనే నిలుస్తాయి. ఆ పనిలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలతో సహా ఊరంతా ఏదో ఒక పాలు పంచుకుంటుందని తీర్పులోనే రాశారు. కూల్చినవారికి ఈ సంగతి తెలియక కాదు, తెలిసే ఆ పని చేశారని నా అభిప్రాయం. అల్ మహ్దీ స్వయంగా చదువుకున్నవాడు, ఆక్రమణదారుల నీతి దళానికి పెద్ద. సమాధుల మీద కట్టడాలు మతం ఒప్పుకోదని చెబుతూనే, వాటిని కూల్చితే ఊరివారితో సంబంధం చెడుతుందని మొదట తన పైవారికి సలహా ఇచ్చాడు. చివరికి ఆజ్ఞ రాగానే ఆ పనిని తానే దగ్గరుండి నడిపించాడు. తర్వాత నేరం ఒప్పుకుని, క్షమాపణ అడిగాడు.

ఇక మీ మొదటి ప్రశ్న. మీ సందేహం న్యాయమూర్తులకూ తట్టింది. ఆస్తి మీద నేరం, ఎంత తీవ్రమైనదైనా, సాధారణంగా మనుషుల మీద నేరమంత ఘోరం కాదని వారు స్పష్టంగానే అన్నారు. అయినా ఆ కట్టడాలు ప్రార్థనాస్థలాలు కావడాన్ని, ఊరివారి మనసులో వాటికున్న చోటును లెక్కలోకి తీసుకున్నారు. ఆ తర్వాత 2017లో 27 లక్షల యూరోల పరిహారానికి ఆదేశం వచ్చింది. అందులో ఊరివారి మానసిక వేదనకు, జీవనోపాధి నష్టానికి కూడా వాటా ఉంది. మాలీ ప్రభుత్వానికి, అంతర్జాతీయ సమాజం తరఫున యునెస్కోకు మాత్రం చెరొక యూరో, గుర్తుగా! 2015 నాటికే ఊరి మేస్త్రీలు తాతల నాటి పద్ధతిలోనే ఆ మందిరాలను తిరిగి కట్టి నిలిపారు. ఊరిలో ఒక సంస్థ భవనంలో ఆక్రమణదారులు తగలబెట్టిన వేలాది ప్రాచీన రాతప్రతులకు మాత్రం అలాంటి మార్గం లేదు. మిగిలిన లక్షలాది ప్రతులను అంతకు ముందే పెట్టెలకెత్తి, రాత్రివేళల్లో రాజధాని బమాకోకు దాటించారు కాబట్టి దక్కాయి.

ప్రశ్న: సైనిక అవసరం అని చెప్పుకుంటే తప్పించుకోవచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కొంతవరకు వీలుంది. యుద్ధ సమయంలో సాంస్కృతిక సంపదను కాపాడడానికి 1954లో హేగ్‌లో కుదిరిన ఒప్పందం తప్పనిసరి సైనిక అవసరమనే మినహాయింపు ఇచ్చింది. అది మరీ సందిగ్ధంగా ఉందని 1999 నాటి రెండో అనుబంధ ఒప్పందం దాన్ని బిగించింది. టింబక్టు సమాధుల విషయంలో ఆ వాదనకు చోటే లేదు, అవి సైనిక లక్ష్యాలు కావు. భారతదేశం 1954 ఒప్పందంలో 1958లోనే చేరింది. నేర న్యాయస్థానానికి పునాది అయిన రోమ్ ఒప్పందంలో మాత్రం చేరలేదు.