ఇష్టమైన పాట కూడా చప్పగా వినిపిస్తోందా?

అమెరికాకు కొత్తగా వచ్చిన ఒక తమ్ముడి సందేహం: "అన్నా, ఉద్యోగం ఉంది, రూమ్మేట్లూ మంచివాళ్లే. కానీ ఒకప్పుడు ప్రాణంలా ఉన్న పాట పెట్టుకున్నా ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. ఇది ఇంటి మీద బెంగేనా, ఇంకేమైనానా?"

తమ్ముడూ, బెంగకీ డిప్రెషన్‌కీ తేడా పట్టుకోవడానికి నువ్వు చెప్పిన ఆ పాటే పనికొస్తుంది. బెంగగా ఉన్నవాడికి పాట మామూలుకంటే గట్టిగా తగులుతుంది. పల్లవి అందుకోగానే కళ్లు తడుస్తాయి, అయిపోయాక కాస్త తేలికపడతాడు. డిప్రెషన్‌లో అలా కాదు. గొంతు అదే, ట్యూన్ అదే, లోపలికి మాత్రం ఏదీ దిగదు. నీ మనసు బండబారిపోయిందేమోనని భయపడకు. ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం డిప్రెషన్ ముఖ్య లక్షణాలు రెండింటిలో ఒకటి. రెండోది రోజంతా వదలని దిగులు. ఇక్కడ డాక్టర్లు నింపమని ఇచ్చే పీహెచ్‌క్యూ-9 ఫారంలో 9 ప్రశ్నలుంటే, మొదటిదే గత 2 వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా అని. మొత్తం 27 మార్కుల్లో 10 గానీ అంతకుమించి గానీ వస్తే డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. జబ్బు అవునో కాదో తేల్చేది ఫారం కాదు, డాక్టరే.

ఈలోగా స్నేహితులు ఊరుకోరు. "లే, పోరాడు, గెలుపు నీదే" అనే పాటలు వరసగా పంపిస్తారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టను కానీ, మంచం దిగడమే కష్టంగా ఉన్నవాడికి అవి ధైర్యం చెప్పినట్టు కాదు, తిట్టినట్టు వినిపిస్తాయి. వినలేకపోతే ఆపేయి, మొహమాటం వద్దు. ఇక విషాద గీతాల సంగతి. అవి వినకూడదనే నియమమేమీ లేదు. తన బాధను ఇంకొకరు పాడుతుంటే చాలామందికి తోడు దొరికినట్టుంటుంది. కాకపోతే పాట ముగిశాక ఏం చేస్తున్నావో చూసుకో. లేచి స్నానానికో, పనికో వెళ్తే మంచిదే. అర్ధరాత్రి దాటినా అదే పాట లూప్‌లో పెట్టుకుని జరిగిందంతా తవ్వుకుంటూ కూర్చుంటే మాత్రం హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాల్సిందే. అలా తిప్పి తిప్పి తలచుకోవడం దిగులును పెంచుతుందే గానీ తగ్గించదు.

నేనూ ఈ దారిన నడిచి వచ్చినవాడినే. అప్పట్లో నా పాట నాకు థర్మామీటర్‌లా పనిచేసింది. మొదట దాన్ని పెట్టాలనే అనిపించేది కాదు. కౌన్సెలింగ్, మందులు మొదలయ్యాక కూడా కొన్నాళ్లు అంతే. డిప్రెషన్ మందుల పూర్తి ఫలితం తెలియడానికి సాధారణంగా వారాలు పడుతుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. తర్వాత ఒక రోజు అదే పాటకు ఏడుపొచ్చింది. దిగజారిపోతున్నానేమో అనుకున్నాను. కౌన్సెలర్ మాత్రం సంతోషించారు, అసలు ఏమీ అనిపించని స్థితి నుంచి ఏడుపు దాకా వచ్చానని. ఆ తర్వాత రెండో చరణానికి ముందొచ్చే వేణువు చెవిన పడింది. అదెప్పుడూ అక్కడే ఉంది, నేనే వినలేకపోయాను. ఇంకొన్నాళ్లకు వంటింట్లో నాకు తెలియకుండానే హమ్ చేస్తున్నాను. చివరికి ఆ పాట పెట్టడమే మరిచిపోయి, వేరే కొత్త పాటలు వెతుక్కున్నాను. నా లెక్కలో కోలుకోవడమంటే అదీ.

మరి పాటే నయం చేస్తుందా? మామూలు చికిత్సకు మ్యూజిక్ థెరపీ కలిపితే కొంతకాలం వరకైనా డిప్రెషన్ లక్షణాలు తగ్గుతున్నాయని వైద్య పరిశోధనలన్నీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష తేల్చింది. అది శిక్షణ పొందిన థెరపిస్టుతో కూర్చుని చేసేది. మన ప్లేలిస్టును అందులో జమ కట్టుకోకూడదు.

ఇప్పుడు ఎవరూ పైకి అడగని టెన్షన్: "డాక్టర్ దగ్గరికి వెళ్తే వీసాకు ఇబ్బందా?" డిప్రెషన్‌కు చికిత్స తీసుకున్నంత మాత్రాన స్టేటస్ పోదు. కౌన్సెలర్‌తో చెప్పినవి ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప బయటికి వెళ్లవు. చాలా కంపెనీల్లో ఉద్యోగులకు కౌన్సెలింగ్ ఇప్పించే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం ఉంటుంది, మొదటి కొన్ని సిట్టింగులకు డబ్బు కట్టక్కర్లేదు. హెచ్ఆర్ సైట్‌లో వెతుకు. స్టూడెంట్లయితే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ ఉంది. చదువు లాగలేకపోతున్నామని ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సొంతంగా కోర్సులు డ్రాప్ చేయకండి. డాక్టర్ లెటర్‌తో ముందు డీఎస్ఓను, అంటే యూనివర్సిటీలో విదేశీ స్టూడెంట్ల వీసా వ్యవహారాలు చూసే అధికారిని కలవండి. ఆరోగ్య కారణంతో కోర్సులు తగ్గించుకునే వీలు ఒక్కో డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు ఉంది, కానీ అనుమతి ముందే రావాలి.

మందులు మొదలుపెడితే కాస్త బాగుందని మధ్యలో నువ్వే ఆపేయొద్దు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇక బతకాలని లేదన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకు. అమెరికాలోనైనా, కెనడాలోనైనా ఇలాంటప్పుడు ఆదుకునే 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు. రూమ్మేట్ల ముందు మాట్లాడటం ఇబ్బందయితే అదే నంబరుకు మెసేజ్ కూడా పెట్టొచ్చు.