క్లెయిమ్ ఇప్పిస్తామని ఫీజు తీసుకున్నారు, వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మా వారు మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తా. ఆయన గుండెకు స్టెంట్ వేసినప్పుడు రూ.1.80 లక్షలు ఖర్చయింది. బీపీ ఉన్న సంగతి ముందు చెప్పలేదంటూ బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఆరేళ్లుగా మానకుండా ప్రీమియం కడుతున్నాం. తర్వాత ఢిల్లీ నుంచి ఎవరో ఫోను చేసి, క్లెయిమ్ ఇప్పిస్తామని రూ.7,080 ఫీజు కట్టించుకున్నారు. వచ్చిన సొమ్ములో 15 శాతం ఇచ్చేలా ఓటీపీతో సంతకమూ తీసుకున్నారు. ఇప్పుడు వద్దంటే ఫీజు తిరిగివ్వరట. ఏం చేయాలి?

జవాబు: ఓటీపీతో సంతకం చేసినా ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నామని మీరు చెప్పవచ్చమ్మా. ముందు ఇంకా డబ్బు పోయే దారులు మూయండి. ఫీజు కట్టిన యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి, వాళ్ల పేరుతో అనుమతి ఉంటే రద్దు చేయండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నుంచో, బీమా ఫిర్యాదులు తీర్చే అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచో మాట్లాడుతున్నామని వాళ్లు చెప్పి ఉంటే అది పచ్చి మోసం. ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

తర్వాత రద్దు ఉత్తరం రాయండి. ఫోనులో వాదించవద్దు, మాటకు సాక్ష్యం మిగలదు. ఈమెయిల్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపండి. నాలుగు వాక్యాలు చాలు: ‘మీరే ఫోను చేసి నన్ను చేర్చుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాను. నా తరఫున మాట్లాడేందుకు మీకిచ్చిన అధికారపత్రం ఇక చెల్లదు. నేను కట్టిన రూ.7,080 ముప్పై రోజుల్లో నా ఖాతాకు జమ చేయండి. అందులో కొంత మినహాయిస్తామంటే ఏ పని చేశారో కాగితాలతో చూపండి.’ దీని నకలు బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికీ పంపండి. మీ తరఫున ఇక వాళ్లతో మాట్లాడవద్దని కంపెనీకి తెలియాలి.

ముప్పై రోజులని ఊరికే రాయమనలేదు. లోపమున్న సేవను నిలిపివేసి, రశీదులో గడువేదీ లేనప్పుడు 30 రోజుల్లో సొమ్ము తిరిగివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీ దగ్గర ఫీజు తీసుకున్నవాళ్లు ఢిల్లీలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా ఉండదు. అయితే వాళ్లు నిజంగా కొంత పని చేసినట్టు చూపితే, ఫీజులో ఆ మేరకు మినహాయించే అవకాశం ఉంది.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. పైసా ఖర్చు లేకుండా మీరే చేసుకోగలిగిన పనికి వాళ్లు 15 శాతం అడుగుతున్నారు. ఆరోగ్య బీమా వరసగా 60 నెలలు కొనసాగితే, మోసం నిరూపిస్తే తప్ప, పాత జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. మీది ఆరేళ్ల పాలసీ! రెన్యువల్ రశీదులన్నీ జతచేసి, ఈ ఒక్క మాటను కంపెనీ ఫిర్యాదుల అధికారికి స్పష్టంగా రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. అక్కడ ఫీజు లేదు, మీ తరఫున లాయరునూ ఏజెంటునూ అనుమతించరు. అంబుడ్స్‌మన్ తీర్పును కంపెనీ పాటించి తీరాలి. కంపెనీ తుది జవాబు వచ్చాక అక్కడికి వెళ్లడానికి ఏడాదే గడువు, కాబట్టి మొదటి ఉత్తరం ఈ వారమే పంపండి.