లేసిక్ (లేజర్‌తో కార్నియాను చెక్కి చూపు సరిచేసే ఆపరేషన్) కోసం మొదటిసారి కంటి ఆసుపత్రికి వెళ్తే ఏం చేస్తారు?

అమలాపురం నుంచి కాకినాడకో రాజమండ్రికో వెళ్తుంటే ఆ రోజంతా దీనికే ఉంచుకోండి. ఆపరేషన్ ఆ పూటే అనుకోవద్దు. మీ కన్ను దానికి పనికొస్తుందా లేదా తేల్చడమే ఆ రోజు పని.

కాంటాక్ట్ లెన్సులు వాడేవారు మెత్తనివైతే కనీసం వారం, గట్టివైతే మూడు నాలుగు వారాల ముందే ఆపాలి. లెన్సు నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అంటే కార్నియా, ఆకారాన్ని మారుస్తుంది, కొలతలన్నీ తప్పుతాయి. పాత కళ్లద్దాల చీటీలు తీసుకెళ్లండి. ఏడాదిలో పవర్ అర పాయింటు (0.50) కంటే ఎక్కువ మారితే ఆగమంటారు. 18 ఏళ్లు నిండాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వాయిదా వేస్తారు.

అసలు కీలకం కార్నియా స్కాన్. మామూలు మందం సుమారు 540 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆపరేషన్‌లో పైకి లేపి మళ్లీ మూసే పైపొర రేకుకు 110 పోతుంది, దాని కింద లేజర్‌తో ఒక్కో పాయింటు పవర్‌కి సుమారు 14 చెక్కుతారు. మైనస్ 5కి రేకు 110, చెక్కేది 70, మొత్తం 180 తీసేసి లెక్కిస్తే 360 మిగులుతుంది, మంచిదే. మిగిలేది 250-300 కంటే తగ్గితే కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బవచ్చు. స్కాన్‌లో ఆకారం తేడాగా ఉంటే మందం చాలినా లేసిక్ వద్దంటారు. ఆ మాట వినండి, బతిమాలి చేయించుకోవద్దు. కళ్లు నలిపే అలవాటుంటే దాచకుండా చెప్పండి.

కన్నీటి తడి కూడా చూస్తారు. చివర్లో కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా, అంటే కంటి లోపలి వెనక పొర, చూస్తారు. తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. బండి మీరు నడపకండి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

రొయ్యల చెరువు మీద పని చేసేవారైతే ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు నీళ్లకు, దుమ్ముకు దూరంగా ఉండాలో అప్పుడే అడగండి. నలభై దాటినవారికి దూరపు చూపు సరిచేసినా చదవడానికి అద్దాలు కావాల్సి రావచ్చు.