ముందు కాపీ, తర్వాతే రిపేరు

కంప్యూటర్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గోడు: కంప్యూటర్ చచ్చింది, అందులోని ఫైళ్ల గతేమిటి? ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చిన దగ్గర్నుంచి మా ల్యాప్‌టాప్‌లో నీలం తెర వస్తోంది. ఆ తర్వాత 'ఆటోమేటిక్ రిపేర్' అంటూ అక్కడక్కడే తిరుగుతోంది. విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది, డేటాకేం కాదు అంటున్నాడు షాపతను. డెస్క్‌టాప్ మీద పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, పొలం కాగితాలు, పాత ఫొటోలు ఉన్నాయి. నమ్మొచ్చా? – పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫైళ్లు ఇప్పటికి భద్రంగానే ఉండి ఉంటాయి. షాపతని మాట మాత్రం సగమే నిజం. విండోస్ ఎక్కించేటప్పుడు మామూలుగా సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తారు, డీ జోలికి పోరు. అందుకే డేటాకేం కాదంటారు. కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ ఉండేది సీలోనే, యూజర్స్ అనే ఫోల్డర్‌లో మీ పేరు కింద. తెర మీద వచ్చే 'రీసెట్ దిస్ పీసీ' కూడా ఇప్పుడే నొక్కకండి. 'కీప్ మై ఫైల్స్' ఎంచుకుంటే ఫైళ్లు ఉంచుతుంది, నిజమే. అయితే అసలు జబ్బు డిస్క్‌లోనే ఉంటే ఆ పని మధ్యలో ఆగిపోవచ్చు. అప్పుడు అటూ ఇటూ కాకుండా పోతారు.

విండోస్ లేవకపోయినా డిస్క్‌ను చదవడానికి ఖర్చులేని దారి ఉంది. పనిచేసే ఇంకో కంప్యూటర్, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, కాపీ చేసుకోవడానికి ఒక బయటి హార్డ్ డిస్క్ కావాలి. ఆ ఇంకో కంప్యూటర్లో లినక్స్ మింట్ (విండోస్‌లాంటి ఇంకో ఉచిత సిస్టం) ఐఎస్ఓ ఫైలు దించుకోండి. దాన్ని రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ఖాళీది వాడండి. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేసిన మరుక్షణం నుంచి బూట్ మెనూ మీట నొక్కుతూ ఉండండి. హెచ్‌పీకి ఎఫ్9, డెల్, లెనోవోలకు ఎక్కువగా ఎఫ్12, ఆసుస్ ల్యాప్‌టాప్‌లకు ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12 మీటే, కానీ కొన్ని మోడళ్లలో ముందు బయాస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాలి.

మింట్ నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. తెర మీద 'ఇన్‌స్టాల్ లినక్స్ మింట్' అని ఒక బొమ్మ ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. ఫైల్ మేనేజర్ తెరిస్తే ఎడమవైపు మీ డిస్క్ దాని సైజు పేరుతో కనిపిస్తుంది. అందులో యూజర్స్, దాని కింద మీ పేరు, అక్కడినుంచి కావలసిన ఫోల్డర్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. ఔట్‌లుక్ వాడేవాళ్లయితే డాక్యుమెంట్స్‌లో 'ఔట్‌లుక్ ఫైల్స్' ఫోల్డర్ మరవకండి.

ఇక్కడ మూడుచోట్ల చిక్కు పడుతుంది. ఒకటి, డిస్క్‌లో రాయడానికి వీల్లేదని మింట్ చెప్పొచ్చు. విండోస్ పూర్తిగా ఆఫ్ కాకుండా సగం నిద్రలో ఉండిపోతే అలా అంటుంది. మనకు చదవడమే కావాలి కాబట్టి అదే మంచిది. రెండు, కాపీ పెద్ద వీడియో దగ్గర ఆగిపోవచ్చు. బయటి డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఉన్న డిస్క్ వాడండి. మూడోది అసలైనది: డిస్క్ తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. అంటే డిస్క్‌కు విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం పడి ఉంది. విండోస్ 11తో వచ్చిన ల్యాప్‌టాప్‌లను మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టినప్పుడు చాలావాటిలో ఇది చెప్పకుండానే పడుతుంది. దీనికి 48 అంకెల రికవరీ కీ కావాలి, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటుంది. ఫోన్‌లోనో ఇంకో కంప్యూటర్లోనో అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి డివైసెస్ విభాగంలో చూస్తే దొరుకుతుంది. ల్యాప్‌టాప్ కొన్న రోజు ఖాతా తెరిచింది మీ అబ్బాయో, షాపులో కుర్రాడో అయితే కీ వాళ్ల ఖాతాలో ఉంటుంది. కీ లేకపోతే ఏ ల్యాబ్ కూడా ఆ ఫైళ్లను తెరవలేదు.

కాపీ అయ్యాక బయటి డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి పది ఫైళ్లు తెరిచి చూడండి, ఫొటోలు, పీడీఎఫ్‌లు, ఒక వీడియో. అన్నీ తెరుచుకున్నాకే ల్యాప్‌టాప్ షాపతనికి ఇవ్వండి.

ప్రశ్న: మా డెస్క్‌టాప్ అసలు ఆన్ కావడం లేదు, లైటు కూడా రాదు. ఫైళ్లు తీయొచ్చా? – పాఠకుడు, ఖమ్మం

జవాబు: లైటు కూడా రాలేదంటే ముందు అనుమానించాల్సింది లోపలికి కరెంటు అందించే పెట్టెను, ఎస్ఎంపీఎస్‌ను. అది మారిస్తే మొత్తం కంప్యూటరే లేవొచ్చు. తొందరగా ఫైళ్లు కావాలంటే డిస్క్ విప్పి ఇంకో కంప్యూటర్‌కు సాటా-యూఎస్‌బీ కన్వర్టర్‌తో తగిలించండి. డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టుల అడాప్టర్ విడిగా ఉన్న కన్వర్టరే కొనాలి. వట్టి కేబుల్ 2.5 అంగుళాల ల్యాప్‌టాప్ డిస్క్‌కు మాత్రమే పనికొస్తుంది. దానితో పెద్ద డిస్క్ తిరగదు, మీరు డిస్క్ పోయిందనుకుంటారు. ఎం.2 ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని చిప్‌ల డిస్క్) అయితే అది సాటానా, ఎన్‌వీఎంఈనా చూసి దానికి తగ్గ పెట్టె కొనండి. యూజర్స్ ఫోల్డర్ తెరిచేటప్పుడు 'మీకు అనుమతి లేదు' అంటే కంటిన్యూ నొక్కి కొంచెంసేపు ఆగండి, ఫైళ్లు ఎక్కువుంటే పది నిమిషాలు పట్టినా పట్టొచ్చు.

ప్రశ్న: షాపులో ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేసేశారు. వారం నుంచి వాడుతున్నాం కూడా. పాత ఫొటోలు వస్తాయా? – పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇది చదవగానే, కింద చెప్పిన ఒక్కటి చూసుకుని, కంప్యూటర్ ఆపేయండి. బ్రౌజర్ తెరిచినా, అప్‌డేట్ దిగినా పాత ఫైళ్లున్న జాగాలో కొత్తవి పడుతూనే ఉంటాయి. రికవరీ ప్రోగ్రాంను అదే డిస్క్‌లో దించుకోవడం అన్నిటికన్నా చెడ్డ పని, చాలామంది చేసేదీ అదే.

ఆపే ముందు ఒక్కటి చూడండి: సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్ ఉందా? షాపతను ఫార్మాట్ చేయకుండా పైనే వేసి ఉంటే పాత యూజర్స్ ఫోల్డర్ మొత్తం అందులో ఉంటుంది. విండోస్ దాన్ని కొన్నాళ్లకు తనంతట తానే తీసేస్తుంది, కాబట్టి వెంటనే బయటికి కాపీ చేయండి.

అది లేకపోతే డిస్క్ ఏ రకమన్నది తేల్చుకోవాలి. లోపల పళ్లెం తిరిగే పాత రకం హార్డ్ డిస్క్ అయితే ఆశ ఉంది. క్విక్ ఫార్మాట్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే కొత్తదవుతుంది. ఊళ్లో ఇళ్లన్నీ అలాగే ఉండి వీఆర్వో దగ్గరి రిజిస్టరు పోయినట్టన్నమాట. కొత్త విండోస్ కూర్చున్న జాగాలోవి పోతాయి, మిగతావి దొరకొచ్చు. ఫుల్ ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం డిస్క్ అంతా సున్నాలు రాసేస్తుంది, విస్టా కాలం నుంచీ అంతే. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ అనే ఆదేశం ఉంది. ఫైలు తీసేసినా, ఫార్మాట్ చేసినా ఆ జాగా ఇక అక్కర్లేదని విండోస్ డిస్క్‌కు చెబుతుంది, డిస్క్ లోలోపల దాన్ని ఖాళీ చేసేస్తుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రాంతో వెతికినా సున్నాలే వస్తాయి. ఎస్ఎస్‌డీ మీద వేల రూపాయల సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

హార్డ్ డిస్క్ అయితే విప్పి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, పోయిన ఫైళ్లు వెతికే ఫోటోరెక్ నడపండి. ఉచితం, నిజంగా పనిచేస్తుంది. చూడ్డానికి నల్ల తెర మీద బాణం మీటలతో నడిచే పాతకాలం ప్రోగ్రాంలా ఉంటుంది, బెదరకండి. దొరికినవి మూడో డిస్క్‌లో పడేలా చూపించాలి, వెతుకుతున్న డిస్క్‌లో కాదు. 1 టీబీ డిస్క్‌కు కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఇది ప్రతి ఫైలు మొదట్లో ఉండే గుర్తును చూసి పట్టుకుంటుంది కాబట్టి పాత పేర్లు, ఫోల్డర్లు రావు. వందల కొద్దీ నంబర్ల పేర్లతో ఫైళ్లు, వాటిలో వెబ్‌సైట్ల చిట్టి బొమ్మలు కూడా కలిసి వస్తాయి. సైజు ప్రకారం పేర్చి 100 కేబీలోపువి పక్కన పెడితే చెత్త చాలావరకు పోతుంది. ఫొటో తీసిన తేదీ ఫొటో లోపలే రాసి ఉంటుంది, 'డేట్ టేకెన్' ప్రకారం పేరిస్తే పెళ్లి ఒకచోట, పుట్టినరోజు ఒకచోట చేరతాయి. పెద్ద వీడియోలు మాత్రం తరచూ తెరుచుకోవు. డిస్క్‌లో అవి ముక్కలుగా పడి ఉంటాయి, ముక్కల్ని కలిపే దారం ఫార్మాట్‌తో తెగిపోయింది.

ఇంకో మాట. వన్‌డ్రైవ్, గూగుల్ ఫొటోస్, పంపిన మెయిళ్లు, బంధువుల వాట్సాప్‌లు ముందు వెతకండి. పొలం కాగితాల కోసం డిస్క్ తవ్వనక్కర్లేదు, ఆంధ్రప్రదేశ్‌లో 1-బీ, అడంగల్ మీభూమి వెబ్‌సైట్‌లోనే మళ్లీ తీసుకోవచ్చు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ డిజిలాకర్‌లో దొరుకుతాయి.

ప్రశ్న: పాత డిస్క్ నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లు బయటికి తీశాం. తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. ఫైళ్లు పాడైనట్టేనా? – డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జవాబు: కాదు. ఫైలు పాడైతే పేజ్‌మేకర్ మామూలుగా తెరవనే తెరవదు. తెలుగు డీటీపీలో వాడే అను ఫాంట్లు యూనికోడ్‌వి (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు చూపే పద్ధతివి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు గీసి ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో కింది అక్షరాలే బయటపడతాయి. మీరు వాడిన అను స్క్రిప్ట్ వెర్షనే మళ్లీ ఎక్కించండి. వెర్షన్ మారితే ఫాంట్ల పేర్లు, అక్షరాల స్థానాలు మారి ఒత్తులు చెల్లాచెదురవుతాయి. పాత డిస్క్ ఇంకా చదువుతుంటే అందులోని విండోస్ కింద ఉన్న ఫాంట్స్ ఫోల్డర్ కూడా కాపీ చేసుకోండి. ఈ ఫోల్డర్ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

బొమ్మల సంగతి వేరు. 256 కేబీ దాటిన బొమ్మ పెట్టేటప్పుడు పేజ్‌మేకర్ 'ఫైల్లోనే దాచాలా' అని అడుగుతుంది. మీరు వద్దని ఉంటే బొమ్మ బయటే ఉండిపోయింది, ఫైల్లో ఉన్నది దాని చిరునామా మాత్రమే. పాత డిస్క్‌లోని బొమ్మల ఫోల్డర్‌ను కొత్త కంప్యూటర్లో అదే డ్రైవ్ అక్షరం, అదే పేర్లతో పెడితే చాలావరకు తమంతట తామే అతుక్కుంటాయి. మిగిలినవి ఫైల్ మెనూలో లింక్స్ మేనేజర్ నుంచి ఒక్కొక్కటే చూపించాలి.

ప్రశ్న: బయటి హార్డ్ డిస్క్ తగిలిస్తే 'టిక్ టిక్' మని చప్పుడు చేస్తోంది, కనిపించడం లేదు. ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందని విన్నాం. – పాఠకుడు, కరీంనగర్

జవాబు: పెట్టొద్దు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది, ఉన్న ఆశ కూడా పోతుంది. ఆ చప్పుడు లోపల డేటా చదివే హెడ్‌ది. పళ్లెం మీద తన చోటు దొరక్క వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తోంది. మీరు ఆన్ చేసినప్పుడల్లా పళ్లెం గీసుకుపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో మూత విప్పితే పడే దుమ్ముకణం కూడా హెడ్‌కూ పళ్లేనికీ మధ్యనున్న సందుకన్నా ఎన్నో రెట్లు పెద్దది. కింది సర్క్యూట్ బోర్డు మార్చినా లాభం లేదు, ప్రతి డిస్క్ కొలతలు దాని బోర్డు మీది చిప్‌లోనే ఉంటాయి. దుమ్ము చొరని క్లీన్‌రూం ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి. ఇచ్చే ముందు రాతపూర్వకంగా అడగండి: పరీక్షకు ఎంత, డేటా రాకపోతే డబ్బు తీసుకుంటారా, డబ్బు కట్టేముందు దొరికిన ఫైళ్ల జాబితా చూపిస్తారా. వారంటీ ఉంటే కంపెనీ కొత్త డిస్క్ ఇస్తుంది, డేటా ఇవ్వదు. వారంటీకి పంపితే పాత డిస్క్ తిరిగి రాదు.

చప్పుడు లేకుండా డిస్క్ నత్తనడక నడుస్తుంటే వేరే దారి. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో 05, సీ5, సీ6 వరసలు చూడండి. సీ5 వరసలో 'రా వాల్యూస్' కింద సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే డిస్క్‌లో చదవలేని సెక్టార్లు (చిన్న గళ్లు) ఉన్నట్టు. అప్పుడు చెక్‌డిస్క్ నడపొద్దు. అది డేటాను కాపాడే పనిముట్టు కాదు, ఫైల్ పట్టికను సరిచేసేది. బలహీనమైన డిస్క్‌ను గంటల తరబడి గిలకొట్టి, అర్థంకాని ముక్కల్ని సీహెచ్‌కే ఫైళ్లుగా మార్చి పారేస్తుంది. అందుకు బదులు మింట్‌లో డీడీరెస్క్యూ అనే నకలు ప్రోగ్రాంతో మొత్తం డిస్క్‌ను ఇంకో పెద్ద డిస్క్‌లోకి నకలు తీయండి. ముందు బాగున్న భాగాలు, ఆ తర్వాతే మొండి సెక్టార్లు చదువుతుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పేరు తప్పక ఇవ్వండి, దాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లో పెడితే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటినుంచి సాగుతుంది. సోర్స్, డెస్టినేషన్ తారుమారైతే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, సైజులు చూసి రెండుసార్లు సరిచూసుకోండి. వెతుకులాట ఆ నకలు మీదే.

ప్రశ్న: కిరాణా లెక్కలు టాలీప్రైమ్‌లో ఉన్నాయి. విండోస్ లేవడం లేదు. ఏ ఫోల్డర్ కాపీ చేయాలి? – వ్యాపారి, నిజామాబాద్

జవాబు: ఎక్కడ పెట్టారో మార్చకపోతే యూజర్స్, పబ్లిక్, టాలీప్రైమ్, డేటా వరసలో వెళ్లండి. కంపెనీ నంబరుతో ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేయాలి, లోపలి ఫైళ్లు ఏరుకోవద్దు. కొత్త కంప్యూటర్లో డేటా తప్పు చూపిస్తే రిపేర్ నొక్కేముందు ఆ ఫోల్డర్‌కు ఇంకో కాపీ తీసి పక్కన పెట్టండి. రిపేర్‌లో కొన్ని వోచర్లు ఎగిరిపోతే మళ్లీ మొదలుపెట్టడానికి అదే ఆధారం.

ప్రశ్న: వర్డ్‌లో రాస్తుండగా కంప్యూటర్ ఆగిపోయింది. సేవ్ చేయలేదు. – పాఠకురాలు, అనంతపురం

జవాబు: వర్డ్ తెరిచి ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, అక్కడ 'రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్' నొక్కండి. మామూలుగా పది నిమిషాలకోసారి దాచుకుంటుంది కాబట్టి చివరి కొన్ని పేరాలు పోవచ్చు. అక్కడ లేకపోతే డిస్క్ మొత్తంలో డాట్ ఏఎస్‌డీ ఫైళ్లు వెతికి, దొరికినదాన్ని వర్డ్‌లోంచే తెరవండి. తెరవగానే వేరే పేరుతో సేవ్ చేయండి.