రోజూ సైటుకు వెళ్లవలసిన అవసరం లేదు

మట్టి ఇటుకల పనిలో మేస్త్రీలకు అనుభవం తక్కువ కావడం వల్ల ఆర్కిటెక్టుగా మీరు రోజంతా సైటులోనే ఉండవలసి వస్తోందని, మీరు ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతున్నారని రాశారు. నా దృష్టిలో సరిదిద్దవలసింది మీ దినచర్యను కాదు, ఇంటి యజమానితో మీరు చేసుకునే ఒప్పందాన్ని. ఆర్కిటెక్చర్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఆర్కిటెక్టు బాధ్యత పరస్పరం అంగీకరించిన వ్యవధుల్లో సైటును పరిశీలించడమే. నిత్య పర్యవేక్షణ కావాలంటే అందుకు యజమాని వేరొకరిని నియమించుకోవాలి. ఆ జీతం మీ ఫీజులోంచి పోకూడదని మొదటి సమావేశంలోనే రాతపూర్వకంగా తేల్చుకోండి.

మీరు స్వయంగా ఉండి తీరవలసిన ఘట్టాలు కొన్నే: ముగ్గు పోసే రోజు, గోడ మొదటి మూడు వరుసలు, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దూలం) మట్టం, స్లాబు వేసే ముందు రోజు. ఫిల్లర్ స్లాబులో (కాంక్రీటు ఆదా కోసం మధ్యలో పెంకులు పేర్చి వేసే స్లాబు) పెంకుల అమరికను, వాటి మధ్య కమ్మీలను కాంక్రీటు పోశాక దిద్దలేము కనుక, ఆ రోజు ఇంట్లో పేరంటం ఉన్నా సైటుకు వెళ్లక తప్పదు.

సిమెంటు కలిపిన మట్టి ఇటుకలను శీతాకాలంలోనే ఒత్తించండి. వాటిని 28 రోజుల పాటు తడి ఆరకుండా చూడడం కాపలాదారు చేయగల పని; ఆ నెలలో మీరు ఇంటి నుంచే డ్రాయింగులు పూర్తి చేసుకోవచ్చు. గోడ మొదలుపెట్టే ముందు మేస్త్రీ చేత మూడడుగుల నమూనా గోడ కట్టించండి. నా మొదటి ఇంటికి ఆ పని చేయించక, రెండు నెలల ఆదివారాలు సైటులోనే గడిపాను.